తలరాతా, తలలోపలి రాతా

1967 జులై 23 తెల్లవారుజామున అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో, లైసెన్సు లేకుండా రాత్రిపూట మద్యం అమ్మే ఒక చోటి మీద పోలీసులు పడి, అక్కడున్న నల్లజాతివాళ్లనందరినీ పట్టుకున్నారు. వీధిలో జనం గుమిగూడారు. ఒకరు సీసా విసిరారు. ఆ తర్వాత అయిదు రోజులపాటు నగరం తగలబడింది. సైన్యం దిగింది. 43 మంది చచ్చిపోయారు, ఏడువేలమందికి పైగా అరెస్టయ్యారు.

ఆ సెప్టెంబరులో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి పత్రికలో ముగ్గురు బోస్టన్ డాక్టర్లు ఒక లేఖ ప్రచురించారు. వెర్నన్ మార్క్, విలియం స్వీట్ మెదడుకు శస్త్రచికిత్స చేసేవారు. ఫ్రాంక్ ఎర్విన్ మానసిక వైద్యుడు. అల్లర్లకు దరిద్రం, నిరుద్యోగం, ఇరుకు కొంపలు కారణమని అందరికీ తెలిసిందేనంటూ వారొక ప్రశ్న వేశారు. ఆ మురికివాడల్లో లక్షలమంది ఉన్నారు. నిప్పు పెట్టినవాళ్లూ తుపాకి పేల్చినవాళ్లూ కొద్దిమందే. పరిస్థితులే కారణమైతే మిగతావాళ్లు ఎందుకు ఊరుకున్నారు? అంచేత హింసకు దిగినవాళ్ల మెదడులో ఏదో లోపం ఉండవచ్చు; అటువంటివాళ్లను గుర్తించి చికిత్స చేయడానికి పరిశోధనలు జరగాలి. ఇదీ వారి సూచన.

ఈ లేఖను పాలకవర్గపు కుట్ర అని ఒక్క మాటతో తోసిపారేయడం తేలిక. మన సభల్లో అలాంటి మాటకు చప్పట్లు కూడా బాగానే పడతాయి. కాని వాదనలో ఒక బలం ఉంది. దాన్ని చూడకుండా జవాబు చెప్పలేం. ఒకే వాడలో, ఒకే ఆకలితో, ఒకే లాఠీ కింద పెరిగిన ఇద్దరిలో ఒకడు రాయి తీశాడు, రెండోవాడు తలుపేసుకున్నాడు. ఇద్దరికీ సమానంగా ఉన్నదాన్ని ఇద్దరి మధ్య తేడాకు కారణంగా చెప్పడం కుదరదు. భౌతికవాదులమని చెప్పుకునే మనం, ఆ తేడా చివరకు ఇద్దరి శరీరాల్లో, ముఖ్యంగా నాడీమండలంలో, ఏదో ఒక రూపంలో ఉండితీరుతుందని ఒప్పుకోక తప్పదు. ఆత్మలో ఉందనలేం కదా!

నిజానికి ఒకప్పుడు మెదడు పక్షాన నిలబడింది అభ్యుదయవాదులే. మెదడులో జరిగే ప్రతీకార చర్యలను గురించి రష్యన్ శరీరశాస్త్రజ్ఞుడు సేచెనోవ్ 1863లో రాసింది తర్వాత పుస్తకంగా వస్తే, 1866లో జారు ప్రభుత్వ సెన్సారు దాని అమ్మకాన్ని ఆపేసింది. మనిషి చేసే ప్రతి పనికీ శరీరంలో కారణం ఉందంటే పాపపుణ్యాల పునాది కూలి, జనం నీతి తప్పుతారని వారి భయం. పావ్లోవ్ కుక్కల మీద చేసిన పరిశోధనలు సేచెనోవ్ వేసిన దారిలోవే. అయితే 1950లో మాస్కోలో జరిగిన సమావేశం తర్వాత పావ్లోవ్ మాటను శాస్త్రంగా కాక శాసనంగా వాడారనీ, స్వయానా పావ్లోవ్ శిష్యుడైన ఒర్బేలీనే పదవుల నుంచి తప్పించారనీ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన ఇంటి చూరు కూడా కారుతుంది.

మెదడు దెబ్బతింటే నడవడి మారుతుందనడానికి పాఠ్యగ్రంథాలన్నిటిలోనూ కనిపించే ఉదాహరణ ఫినియస్ గేజ్. అతను వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గం వేసే కూలీల మేస్త్రీ, పాతికేళ్లవాడు. 1848 సెప్టెంబరు 13న బండలో తొలిచిన బెజ్జంలో మందు కూరుతుండగా అది పేలింది. చేతిలో ఉన్న ఇనపకడ్డీ, మూడడుగుల ఏడంగుళాల పొడుగు, పదమూడు పౌన్ల పైచిలుకు బరువు గలది, ఎడమ చెంప ఎముక కింద దూరి నెత్తిన బయటపడింది. మనిషి చావలేదు. కాని వైద్యం చేసిన హార్లో అనే డాక్టరు 1868లో రాసినదాన్నిబట్టి, అంతకుముందు నెమ్మదీ పనితనమూ ఉన్న మనిషి నోటి దురుసూ నిలకడలేనితనమూ గలవాడుగా మారాడు. అతను వెనకటి గేజ్ కాడన్నారు స్నేహితులు. మేస్త్రీ పని తిరిగి ఇవ్వడానికి పై వాళ్లు ఒప్పుకోలేదు.

పాఠ్యగ్రంథాలు కథను ఇక్కడ ఆపేస్తాయి. నాకు అసలు విశేషం ఆ తర్వాత కనబడుతుంది. 1852లో గేజ్ చిలీ దేశం పోయాడు. అక్కడ ఇంచుమించు ఏడేళ్లపాటు ప్రయాణీకుల గుర్రపుబళ్లు తోలాడు. ఆరు గుర్రాల పగ్గాలు వేళ్ల మధ్య పట్టుకుని కొండదారుల్లో బండి నడపడం నిలకడలేనివాడికి సాధ్యమయ్యే పని కాదు. గేజ్ జీవితాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన మాల్కం మక్మిలన్, రోజూ ఒకే వేళకు లేచి, ఒకే క్రమంలో చేయవలసిన ఆ పనే అతన్ని చాలావరకు తిరిగి మనిషిని చేసి ఉండాలంటాడు. గేజ్ 1860లో మూర్ఛలు వచ్చి చనిపోయాడు. ఇనపకడ్డీ అతని మెదడులోకి దూరింది నిజమే. చిలీలోని గుర్రాలూ, దారీ, ప్రయాణీకుల పలకరింపులూ కూడా దూరాయి. మొదటిదాన్నొక్కదాన్నే కారణమని లెక్కవేయడం ఏం శాస్త్రం?

బ్రహ్మదేవుడు నుదుట రాశాడని మన తెలుగువాళ్ల నమ్మకం. ఆ రాత చెరగదు, చెరపరాదు. మాలవాడ పిల్లవాడు చదువుకోలేకపోతే అదే రాత, కరణంగారి పిల్లవాడు చదువుకోకపోతే మాత్రం మేష్టరుది తప్పు. ఈనాడు కొందరు శాస్త్రం పేరు చెప్పి ఆ రాతను ఒక అంగుళం లోపలికి జరిపారు. నిగ్రహానికీ ముందాలోచనకూ ఆధారమైన మెదడు భాగం సరిగ్గా నుదుటి వెనకే ఉంది. అది కాకతాళీయమే గాని భలే అందంగా కుదిరింది. రాసేవాడు మారాడు, రాతను ఎవరి నుదుట ఎలా చదవాలన్న పద్ధతి మారలేదు.

ఇక బోస్టన్ డాక్టర్ల వాదనకు వద్దాం. అందులోని మోసం ఎక్కడుందంటే, రెండు ప్రశ్నలను కలిపేయడంలో ఉంది. ఒక వాడలో కలరా వచ్చింది. వందమంది ఆ నూతి నీళ్లే తాగారు, ఇరవైమందికి జబ్బు చేసింది. ఆ ఇరవైమందికే ఎందుకు చేసిందన్నది ఒక ప్రశ్న. దానికి వాళ్ల కడుపుల్లో జవాబు దొరకవచ్చు. ఆ వాడలోనే, ఆ నెలలోనే కలరా ఎందుకొచ్చిందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు నూతిలో ఉంది. కడుపులు ఎన్ని కోసినా నుయ్యి కనపడదు. డెట్రాయిట్ లో జులై 22న ఉన్న మెదళ్లే 23నా ఉన్నాయి. లోపం ఉంటే 22ననూ ఉంది. 23న కొత్తగా వచ్చింది పోలీసు బండి.

ఇంకొక సంగతి. అదే అల్లర్లలో జులై 26 తెల్లవారుజామున అల్జియర్స్ మోటెల్ అనే హోటల్లో ముగ్గురు నల్లజాతి యువకులు తుపాకి గుళ్లకు చచ్చిపోయారు. అభియోగం పోలీసుల మీద వచ్చింది. ఒక్కడికీ శిక్ష పడలేదు. మురికివాడల హింసకు మెదడులో వేరు వెతకబోయిన లేఖకు, లాఠీ పట్టినవాళ్లలో కొందరే ఎందుకు హద్దు మీరారు, వాళ్ల మెదళ్లనూ పరిశీలించాలన్న ఆలోచన రాలేదు. తర్కం ఒకటే అయినప్పుడు అది ఒక వీధిలో నడిచి రెండో వీధిలో ఆగిపోవడం దేనివల్ల? ఆసామి పాలేరును కొడితే "ఆయనకు ముక్కుమీద కోపం" అంటారు మన పల్లెల్లో. పాలేరు చెయ్యి ఎత్తితే "వాడికి కొవ్వెక్కింది" అంటారు. రెండూ శరీరం మీద చెప్పిన కారణాలే. మొదటిది క్షమాపణ, రెండోది తీర్పు.

ఈ డాక్టర్లలో మార్క్, ఎర్విన్ 1970లో హింసనూ మెదడునూ గురించి ఒక పుస్తకం రాశారు. వారి కృషికి అమెరికా ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సంస్థ నుంచే కాక న్యాయశాఖ నుంచి కూడా డబ్బు వచ్చింది. జబ్బుకు న్యాయశాఖ డబ్బివ్వడమేమిటో పాఠకులే ఆలోచించాలి. ఇదంతా సముద్రాల అవతల సంగతి అనుకోనక్కర్లేదు. ఆ కాలంలోనే మద్రాసులో మొండివాళ్లూ, అల్లరివాళ్లూ, కోపిష్టులూ అయిన రోగుల మెదడు లోపలి భాగాలను కొద్దిగా నాశనం చేసే శస్త్రచికిత్సలు జరిగాయి. రోగుల్లో పిల్లలు కూడా ఉన్నారు. దానికి పెట్టుకున్న పేరు, శాంతపరిచే నాడీశస్త్రచికిత్స. వాళ్లలో కొందరు నిజంగా ఘోరమైన బాధలు పడినవాళ్లే కావచ్చు, తల్లిదండ్రులే బతిమాలి తీసుకొచ్చి ఉండవచ్చు. కాని శాంతం ఎవరికి? పిల్లవాడికా, వాణ్ణి భరించలేనివాళ్లకా? ఈ ప్రశ్నకు కత్తి దగ్గర జవాబు లేదు.

వెనక్కి పోతే ఇది పాత పాటే. బానిసలు యజమానుల దగ్గర నుంచి పారిపోవడం ఒక జబ్బని శామ్యూల్ కార్ట్ రైట్ అనే అమెరికన్ డాక్టరు 1851లో ప్రకటించి, దానికొక గ్రీకు పేరు పెట్టి, కొరడాదెబ్బలను వైద్యంగా సూచించాడు. మన దేశంలో 1871 నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలకు కులాలనే పుట్టుదొంగలని ముద్రవేసింది. 1911 సవరణతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అప్పటి గుంటూరు జిల్లాలో స్టూవర్టుపురం ఆ చట్టం నీడలో వెలసిన సెటిల్మెంటే. ఎరుకల కుటుంబాలను అక్కడ పెట్టి, ఊరు దాటాలంటే అనుమతి కావాలని శాసించి, వాళ్ల రక్తంలోనే దొంగతనం ఉందన్నారు. వాళ్లు తరతరాలుగా ఉప్పూ ధాన్యమూ మోసి వర్తకం చేసుకునేవాళ్లనీ, ఆ వర్తకాన్ని రైళ్లూ ఉప్పు చట్టాలూ దెబ్బతీశాయనీ గుర్తు చేసుకునే అవసరం దొరలకు లేకపోయింది. రక్తం అన్న తర్వాత చరిత్రతో పనేముంది?

ఇదంతా సామ్రాజ్యవాదుల పని అని చేతులు దులుపుకుందామా? వీల్లేదు. క్రిమియన్ తాతారుల పక్షాన మాట్లాడినందుకు సోవియట్ సైన్యంలో మేజర్ జనరల్ గా పనిచేసిన గ్రిగొరెంకోను 1969లో అరెస్టు చేసి, పిచ్చివాడని తేల్చి, 1974 దాకా మానసిక చికిత్సాలయాల్లో బంధించారు. "నెమ్మదిగా సాగే స్కిజోఫ్రీనియా" అని ఒక జబ్బు అక్కడి వైద్యగ్రంథాల్లో ఉండేది. వ్యవస్థను సంస్కరించాలన్న పట్టుదలనే దాని లక్షణంగా లెక్కపెట్టేవారు. ప్రపంచ మానసిక వైద్యుల సంఘం నుంచి బహిష్కరణ తప్పదని తెలిసి 1983లో సోవియట్ వైద్యులు తామే తప్పుకున్నారు. 1989లో తిరిగి చేరేటప్పుడు దుర్వినియోగం జరిగిందని ఒప్పుకున్నారు. డెట్రాయిట్ నిరుద్యోగినీ ఈ జనరల్ నూ ఒకే చోట పెట్టడం కొందరు మిత్రులకు నచ్చకపోవచ్చు. ఇద్దరికీ జరిగిన అన్యాయం ఒకటే గనక పెట్టక తప్పదు. ఇద్దరినీ "ఎందుకు చేశావు?" అని అడగడం మానేశారు. అడగవలసిన ప్రశ్నను వాళ్ల పుర్రెకు వేశారు.

అసలు చిక్కు ఇక్కడుందని నేననుకుంటాను. బాధ్యత అనే మాటకు మనం జవాబుదారీ అని కూడా అంటాం. ఆ మాటలోనే విషయమంతా ఉంది. ఎవడు జవాబు చెప్పగలడో వాడు జవాబుదారీ. జవాబు చెప్పడానికి మెదడులో కారణాల గొలుసుకు అతీతమైన ఆత్మ ఏదీ అక్కర్లేదు. జవాబు చెప్పేదీ మెదడే. ఇనపకడ్డీ ఎంత భౌతికమైన కారణమో, చెవిన పడిన మాట కూడా అంత భౌతికమైన కారణమే. పావ్లోవ్ తన చివరి రోజుల్లో మాటను రెండో సంకేత వ్యవస్థ అన్నాడు. గంట చప్పుడు కుక్క నోట నీరూరించినట్టే, "కూలి పెంచం" అన్న మాట మనిషి నరాల్లో పని చేస్తుంది. భేదం ఏమిటంటే, మాటకు తిరిగి మాట ఉంది. తర్కం, హెచ్చరిక, పాఠం, నినాదం, అవమానం అన్నీ మెదడును మార్చే కారణాలే. కాని అవి జవాబు చెప్పే శక్తిని వాడుకుంటూ మారుస్తాయి. కడ్డీ ఆ శక్తినే చీలుస్తుంది. అంచేత ఫలానా పనికి మెదడులో కారణం ఉందా అని అడిగి ప్రయోజనం లేదు, ఎప్పుడూ ఉంటుంది. ఆ మెదడుకు మాట వినబడుతుందా, అది తిరిగి మాట చెప్పగలదా అన్నది అడగాలి.

ఈ కొలతతో 1966 నాటి ఒక సంఘటన చూడండి. ఆగస్టు 1న చార్లెస్ విట్మన్ అనే మాజీ సైనికుడు తల్లినీ భార్యనూ చంపి, ఆస్టిన్ లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం బురుజెక్కి దారినపోయేవాళ్లను కాల్చాడు. చాలామంది చచ్చారు, అతనూ పోలీసుల చేతిలో చచ్చాడు. ముందుగా రాసిపెట్టిన కాగితంలో తనకు విపరీతమైన ఆలోచనలు వస్తున్నాయనీ, చనిపోయాక తన శవాన్ని పరీక్షించాలనీ కోరాడు. పరీక్షిస్తే మెదడులో కణితి కనబడింది. గవర్నరు నియమించిన సంఘం, దాని పాత్ర ఉండి ఉండవచ్చుగాని ఖాయంగా చెప్పలేమంది. నిజాయితీగల మాట. ఇక్కడ పుర్రె తెరవడం అన్యాయం కాదు. తన పనికి తన దగ్గరే కారణం దొరకడంలేదని ఆ మనిషే జవాబు చెప్పాడు, తన మెదడును చూడమని ఆ మనిషే అడిగాడు. డెట్రాయిట్ వాళ్లు ఆ మాట అనలేదు. వాళ్లు ఉద్యోగాల మాట, ఇళ్ల మాట, పోలీసుల మాట చెప్పారు.

మన సాహిత్య విమర్శలో కూడా ఈ పేచీ ఉంది. మనసు లోపలికి పోయి రాసిన నవల అనగానే అది సమాజాన్ని వదిలేసిందని అనుమానపడే అలవాటు మనలో కొందరికి ఉంది. రావిశాస్త్రి "అల్పజీవి"లో సుబ్బయ్య పిరికితనం చెమటలో, గుండెదడలో, పెగలని గొంతులో ఉంటుంది; అంటే నరాల్లో ఉంటుంది. ఆ నరాలకు ఆ భయం నేర్పింది ఆఫీసూ, బంధువులూ, డబ్బూ. రెంటిలో ఒకటి తీసేస్తే సుబ్బయ్యే మిగలడు.

సమాజం తలలోకి పోతుందనడం కేవలం పోలిక అనుకునేవారికి ఉప్పు కథ చెప్పాలి. తల్లి కడుపులో ఉండగా బిడ్డకు అయోడిన్ చాలకపోతే మెదడు సరిగా పెరగదు; మరీ లోటైతే బిడ్డ చెవిటీ, మందబుద్ధీ అవుతుంది. ఒక మనిషికి జీవితం మొత్తానికి కావలసిన అయోడిన్ ఒక చెంచాడు. హిమాలయాల అడుగున వానలూ వరదలూ నేలలోని అయోడిన్ ను కడిగేసిన ప్రాంతాల్లో గొంతువాపు ఇంటింటా ఉండేది, దాని వెనకే మెదడు ఎదగని పిల్లలూ ఉండేవారు. 1950లలో కాంగ్రా లోయలో వి. రామలింగస్వామి, ఆయన సహచరులు లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లకు మొదటి రెండింటా గొంతువాపు బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు. తర్వాత అక్కడికీ ఆ ఉప్పే పంపారు. 1962లో దేశవ్యాప్తంగా కార్యక్రమం మొదలైంది. రామలింగస్వామి శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నం వైద్యకళాశాలలో చదివినవాడు. మన విద్యార్థుల్లో ఎంతమంది ఆయన పేరు విన్నారు?

కాంగ్రా పిల్లవాడి మందబుద్ధి మెదడులోనే ఉంది. సందేహం లేదు. కాని ఆ మెదడుకు కారణం పలచబడ్డ నేల, ఉప్పు రాని దారి, పట్టించుకోని సర్కారు. మెదడు అనగానే విధి అనీ, సమాజం అనగానే మార్పు అనీ విడదీసే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. పంతొమ్మిదో శతాబ్దపు సెన్సారు అధికారి భయపడినట్టు మనమూ మెదడు మాట వింటే భయపడితే, ఇలాంటి పనులు చేసేవాళ్లకు అడ్డం నిలబడ్డవాళ్లమవుతాం.

ఈ ప్రశ్నలు ఈనాటి కోర్టుల్లో తిరుగుతున్నాయి. నిందితుడి నెత్తికి తీగలు తగిలించి, కొన్ని వాక్యాలు వినిపించి, నేరం అతని అనుభవంలో ఉందో లేదో కనిపెడతామన్న పరీక్ష ఒకటి మన దేశంలో బయల్దేరింది. 2008లో పుణేలో ఒక కోర్టు హత్యకేసులో యువతికి యావజ్జీవ శిక్ష వేస్తూ ఆ పరీక్ష ఫలితాన్నీ లెక్కలోకి తీసుకుంది. 2010 మే 5న సుప్రీంకోర్టు, సెల్వి కేసులో, మనిషి ఇష్టం లేకుండా ఇటువంటి పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమంది. నోరు మూసుకునే హక్కు ఉన్నవాడి మెదడు చేత మాట్లాడించడం కుదరదన్నమాట.

బాలనేరస్థుల సంగతి ఇంకా చిక్కు. నిగ్రహానికి సంబంధించిన మెదడు భాగం ఇరవై దాటాక కూడా పెరుగుతూనే ఉంటుందని స్కానింగు పరిశోధనలు చెబుతున్నాయి. 2005లో అమెరికా సుప్రీంకోర్టు 18 ఏళ్లు నిండకుండా చేసిన నేరానికి ఉరిశిక్ష కూడదన్న కేసులో వైద్యసంఘాలు ఆ వాదన వినిపించాయి. మన దగ్గర 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరం తర్వాత గాలి అటునుంచి వీచింది. ఘోరమైన నేరం మోపబడ్డ 16 నుంచి 18 ఏళ్ల కుర్రవాణ్ణి పెద్దవాడిగా విచారించవచ్చునని 2015 చట్టం తెచ్చారు. అందుకు ముందు బోర్డు మూడు అంశాలు అంచనా వేయాలి: ఆ నేరం చేయగల శారీరక, మానసిక శక్తి, పర్యవసానం తెలిసే జ్ఞానం, నేరం జరిగిన పరిస్థితులు. ఢిల్లీ అమ్మాయికి జరిగింది తలచుకుంటే ఎవరి రక్తమైనా మరుగుతుంది, ఆ మరగడమూ న్యాయమే. కాని వేలమంది కుర్రాళ్ల మెదళ్ల సగటు ఎదుట నిలబడ్డ ఒక కుర్రవాడి గురించి ఏమీ తేల్చదు. కరుణ చూపడానికైనా, కాఠిన్యం చూపడానికైనా సగటు సరిపోదు. పెద్దయితే మనసు మారవచ్చు అన్నది మాత్రం చెబుతుంది. మాటకు ఆ వయసులో లొంగే గుణం ఎక్కువన్నది చెబుతుంది. మొదటి రెండు అంశాలకు బోర్డు మానసిక నిపుణుల సాయం తీసుకోవచ్చు. మూడోదానికి ఎవరైనా కుర్రవాడు పెరిగిన వాడకు పోవాలి, వాళ్ల అమ్మతో, చదువు మాన్పించిన మేష్టరుతో, పన్నెండేళ్లకే పనిలో పెట్టుకున్న హోటలువాడితో మాట్లాడాలి. ఆఖరికి కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, ఎందుకు చేశావని అడిగి, వాడు చెప్పేదాకా కాచుకోవాలి.